కోసేసిన పల్లకీ పాట

పోయిన వారం మనం హలీమాబీని టూరింగ్ టాకీసు వెనక, ఆపరేటర్ గది ముందు, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో పాటల పుస్తకం, ముక్కు మీద కోపం. ఆమెను ఇంకా ఎండలో ఉంచితే మనల్నే తిడుతుంది. అయినా ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పక తప్పదు.

శింగనమలలో బ్యాండు మేళం ఇమాం హుస్సేన్‌ది. అతను క్లారినెట్టు వాయిస్తాడు. హలీమాబీ అతని భార్య, ఇంటింటికీ తిరిగి గాజులు తొడుగుతుంది. రెండేళ్ళుగా వానలు మొహం చాటేసి చెరువు పగుళ్ళిచ్చి పడుంటే, ఆ అంచునే టాకీసు వాళ్ళు డేరా వేసి ఒక హిందీ బొమ్మ ఆడిస్తున్నారు. దాని అసలు పేరు ఊళ్ళో ఎవరి నోరూ తిరగలేదు. గోడకాగితం మీద పల్లకీ ఉంది కనుక అందరికీ అది పల్లకీ బొమ్మ. ఆటకు ముందు డేరా నెత్తిన కట్టిన గొట్టంలోంచి ఆ బొమ్మ పాటల రికార్డులు వేస్తారు. బ్యాండు వాళ్ళకు టికెట్టుతో పని లేదు. గొట్టం కింద నాలుగు సాయంత్రాలు కూర్చుంటే పాటలన్నీ చేతికొస్తాయి. ఇమాం హుస్సేన్ ఇంట్లో పాట పట్టేది మాత్రం హలీమాబీయే. ఆమె జొన్నరొట్టె తడుతూ కూనిరాగం తీస్తే, అతను పక్కన గొంతుక్కూర్చుని క్లారినెట్టు మీద వేళ్ళు వెతుక్కుంటాడు.

తొమ్మిది రోజుల కిందట శెనగకాయల మిల్లు హనుమంతరాయుడి కూతురు సుంకమ్మ పెండ్లయింది. ఊరేగింపుగా సాగిన మెరవణిలో బ్యాండు ఆ బొమ్మలోని పల్లకీ పాట అందుకుంది. పెండ్లికొడుకు చిన్నాయన తిమ్మప్ప, మడకశిర మనిషి, ముందురోజే డేరాలో బొమ్మ చూసి ఉన్నాడు. "ఆపండ్రా! అది పిల్ల సచ్చిపోయినాక పాడె మోసేటప్పుడు పాడే పాట!" అని నడివీధిలో కేకపెట్టాడు. డేరాలో చూసినవాళ్ళందరూ అవునవునన్నారు. మూడో నాడు మడకశిర నుంచి కబురు: పెండ్లికొడుకు మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట, అంతా ఆ చావు పాట తెచ్చిన కీడేనట, పిల్లను ఇప్పట్లో పంపొద్దట, చూడ్డానికి కూడా ఎవరూ రావొద్దట. సాగనంపే ముహూర్తం దాటిపోయింది. పారాణి ఆరకముందే సుంకమ్మ పుట్టింటి మూల పాలయింది.

అప్పుడు హనుమంతరాయుడు ఆజ్ఞ చేశాడు. పల్లకీ బొమ్మ ఆఖరి రోజున, మొదటి ఆటకు ముందు, డేరాలో జనమందరి ఎదుటా ఇమాం హుస్సేన్ తప్పు ఒప్పుకుని క్లారినెట్టు తన చేతికివ్వాలి. ఇక ఈ చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని నోట పెట్టకూడదు. ఆ ఆఖరి రోజు ఈరోజే. ఇంతలో హలీమాబీకి పాటల పుస్తకంలో ఒక వింత కనిపించింది. ఐదో పాటకూ తొమ్మిదో పాటకూ పల్లవి ఒకటే. తొమ్మిదోదాని పక్కన 'విషాదం' అని అచ్చువేశారు, ఐదోదాని పక్కన ఏమీ లేదు. డేరాలో ఆ ఐదో పాట ఒక్కరోజు కూడా రాలేదు. రోజూ డేరాకు కూతవేటులోని ఇంటి అరుగు మీద కూర్చుని బొమ్మంతా చెవులతో విన్న మనిషికి ఆ మాత్రం లెక్క తెలియదా?

అదండీ సంగతి. ఇక పదండి.

ఆపరేటర్ ఓబుళేసు రేకుల గదిలో, బనీనుతో, ఫిలిం చుట్టను చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు. గడప మీద నీడ పడేసరికి తలెత్తాడు.

"ఓబుళేసన్నా, ఐదో పాట యాడుండాది?" అంది హలీమాబీ. కుశల ప్రశ్నల్లేవు, ఏమీ లేవు.

"ఏ ఐదో పాట?"

"గొట్టంలో రోజూ ఏస్తావు చూడు, అది. బొమ్మలో ఏంటికి రాదు?"

"అన్ని పాటలూ బొమ్మలో రావాలని యాడన్నా ఉండాదా? రికార్డులోడు రికార్డు ఏసుకుంటాడు, బొమ్మలోడు బొమ్మ తీసుకుంటాడు. పో పో, ఎండలో తిరిగి బుర్ర ఏడెక్కినట్లుంది నీకి."

హలీమాబీ పుస్తకం తెరిచి అతని మోకాలి మీద పెట్టింది. "చదువు. నాకి ఐదో క్లాసు దాకానే వచ్చు. నువ్వు పెద్ద చదువులోనివి గదా."

ఓబుళేసు చదవలేదు. చూపు మాత్రం గది మూలనున్న రేకు డబ్బా మీదికి పోయి చటుక్కున వెనక్కి వచ్చింది. ఇంటింటికీ తిరిగి, ఏ చేతికి ఏ గాజు పడుతుందో కంటితోనే కొలిచే ఆడమనిషికి ఆ ఒక్క చూపు చాలదూ! ఆమె తిన్నగా వెళ్ళి డబ్బా మూత తీసింది. లోపల అరచేయంత ఫిలిం చుట్ట, దారంతో కట్టి ఉంది.

"ముట్టాకు, ముట్టాకు!" అని ఓబుళేసు లేచాడు. "ఏలి మచ్చ పడితే పాట గరగరమంటాది."

"అట్లయితే ఇది పాటే గదా!"

దొరికిపోయాడు. బనీను అంచుతో మొహం తుడుచుకున్నాడు. చుట్టను జాగ్రత్తగా అంచుల్లో పట్టుకుని, మూరెడు విప్పి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించాడు. గోరంత గోరంత బొమ్మలు. ప్రతిదాంట్లోనూ ఒక పల్లకీ, నలుగురు బోయీలు, ముందు ఎవరో ఎగిరి ఆడుతున్నారు. బొమ్మల పక్కన అంచు పొడుగునా సన్నటి గీత వణుకుతూ పోతోంది.

"ఈ గీతే పాట," అన్నాడు ఓబుళేసు. "దీపం దీంట్లో నుంచి పోయిందంటే ఆడ స్పీకర్లో పాడతాది."

హలీమాబీ దగ్గరికి వంగి చూసింది. నాలుగు సాయంత్రాలు మెడ నొప్పెట్టేదాకా గొట్టం కింద కూర్చుని పట్టిన పాట ఇదేనా, ఇంత సన్నంగా ఉందా అనిపించింది. ఒక్క క్షణం వచ్చిన పనే మరిచిపోయింది. ఆ తర్వాత కోపం రెండింతలై తిరిగొచ్చింది.

"ఏంటికి కోసినావు?"

"రెండో ఆట రేత్రి ఒంటిగంట లోపల ఇడ్సల్ల. ల్యాకుంటే పోలీసోళ్ళు ఊరుకోరు. బొమ్మ చూస్తే మూడు గంటల పైన ఉండాది. మా ఓనరు ఎర్రిస్వామన్న ఒక పాట తీసెయ్యమన్నాడు. రెండూ ఒకటే రాగం గదా అని నేను ముందరిది కోసినా. ఎనక్కి పంపేటప్పుడు అతికిచ్చి పంపుతాం, బొమ్మ ఇచ్చినోళ్ళు ఆడ ఫిలిం ఎన్ని అడుగులుందో కొలుచుకుంటారు. ప్రతి ఊర్లో చేసేదే ఇది!"

"ముందరిది పెండ్లి పాట. ఎనకది చావు పాట. పెండ్లిది దాచిపెట్టి చావుది ఊరికంతా చూపిచ్చినావు. మెరవణిలో మా ఆయన పెండ్లి పాట వాయిస్తే జనమంతా చావు పాటన్నారు. తొమ్మిది దినాలైంది అన్నా! మా ఆయన పొద్దున లేచి క్లారినెట్టు పక్క చూడల్యా. ఊర్లో ఎదురొచ్చినోళ్ళు పక్కకి తప్పుకుని పోతాండారు. నువ్వీడ నోరు మూసుకోని డబ్బా మీద మూత పెట్టుకోని కూచున్నావు!"

ఓబుళేసు తలొంచుకున్నాడు. "నేను ఆ పొద్దే చెప్దామనుకున్నా. ఎర్రిస్వామన్న వద్దన్నాడు. డేరా ఉండేది హనుమంతరాయుడప్ప చేలో. ఆ యప్పకి కోపమొస్తే గుంజలు పీకిచ్చేస్తాడు."

"బొమ్మ ఈ పొద్దుతో ఆఖరు. రేపు మీరే పీకల్ల గదప్పా గుంజలు!"

అంత భయంలోనూ ఓబుళేసుకు నవ్వొచ్చింది. నవ్వి, మళ్ళీ మొహం మాడ్చుకున్నాడు.

"ఎట్లా అతికిచ్చేదే గదా, ఇప్పుడే అతికిచ్చు," అంది హలీమాబీ. "సందకాడ పంచాయితీ మొదలైనప్పుడు ముందు ఆ పాటే ఎయ్యి. మళ్ళా బొమ్మ మొదట్నుంచి ఏసుకో."

"చూస్తాలే."

"చూసేది మేము. నువ్వు ఎయ్యి."

వేస్తాననీ అనలేదు, వెయ్యననీ అనలేదు. హలీమాబీ మెట్లు దిగేటప్పుడు వెనక ఫిలిం అతికే బ్లేడు పెట్టె తెరిచిన చప్పుడైనట్టే అనిపించింది. తిరిగి చూస్తే ఆ ధైర్యం కూడా పోతుందేమోనని చూడకుండా వచ్చేసింది.

ఇంట్లో ఇమాం హుస్సేన్ క్లారినెట్టు ముక్కలు విప్పి, ఒక్కొక్కటీ తుడిచి, తువ్వాలులో పేరుస్తున్నాడు. అంత పొందికగా పెండ్లిళ్ళ కాలంలో కూడా తుడవడు.

"ఇచ్చేస్తా," అన్నాడు, ఆమె అడగకుండానే. "పదిమందిలో నిలబడి ఒక మాట అంటే ప్రాణం పోతాదా?"

"చేయని తప్పు ఒప్పుకుంటే పోతాది."

"నాకి రాయుడప్పంటే భయం కాదు హలీమా. ఆ పిల్ల మొగం కనపడతాంది కండ్లు మూస్తే. మన పాట వల్ల ఒక ఆడబిడ్డ కాపురం ఆగిపోయిందంటే, ఈ కట్టె నాకేంటికి చెప్పు?"

ఆమె ఆపరేటర్ గది సంగతంతా చెప్పింది. పల్లకీ, బోయీలు, ఎగిరే మనిషి, అంచున గీత. ఇమాం హుస్సేన్ వింటూ వింటూ తువ్వాలు ముడి వేసేశాడు.

"పాట మంచిదే అయితే కాలెట్ల ఇరిగింది?"

"మోటారు సైకిలు తోలడం రాక ఇరిగింది! దానికీ మనమేనా పూచీ?"

"పో, నీకి అంతా ఎగతాళే," అని అతను మూట చంకలో పెట్టుకుని లేచాడు. ఆమె కూడా వెనకే చెప్పులేసుకుని బయల్దేరింది.

పొద్దు గూకింది. డేరా లోపల నేల టికెట్టు జనం ఇసుక కుప్పలు చేసుకుని ఎత్తుగా కూర్చున్నారు. అందరికీ ఆరోజు రెండు ఆటలు ఒకే టికెట్టుకు దొరికినట్టుంది. ముందు పంచాయితీ, తర్వాత బొమ్మ. తెర కింద నాలుగు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో హనుమంతరాయుడు, తెల్లటి పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా. పక్కన బీగుల, అంటే వియ్యాలవారి, తరఫున మడకశిర నుంచి పిలిపించిన తిమ్మప్ప. వాళ్ళ వెనక టాకీసు ఓనరు ఎర్రిస్వామి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు మొదటి బెంచీలో తల్లి పక్కన సుంకమ్మ. ముంజేతుల నిండా హలీమాబీ తొడిగిన గాజులే.

పెండ్లయిన ఇరవై ఏళ్ళలో హలీమాబీ డేరా లోపల కాలు పెట్టడం ఇదే మొదలు. పాటలన్నీ బయటనుంచి విన్నవే. చుట్టూ చూసే ఓపిక లేదు. వెనక గోడలో ప్రొజెక్టరు కన్నం కేసి చూసింది. నల్లగా ఉంది.

"సాయిబూ, ముందుకు రా," అన్నాడు హనుమంతరాయుడు. ఇమాం హుస్సేన్ వెళ్ళి నిలబడ్డాడు. "మా బీగుల ముందర, ఊరి ముందర, తప్పయిందని చెప్పు. ఆ కట్టె నా చేతికియ్యి. అంతే. నిన్ను కొట్టేదిల్యా, తిట్టేదిల్యా."

ఇమాం హుస్సేన్ మూట రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "రాయుడప్పా, తప్ప..."

"ఆగయ్యా!"

డేరా మొత్తం ఆడవాళ్ళ వైపు తిరిగింది. హలీమాబీ అడ్డుతడిక పక్కకు తోసుకుని, జనం కాళ్ళు తొక్కుకుంటూ, తెర కిందికి వచ్చేసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని భర్త పక్కన నిలబడింది.

"ఏమ్మా హలీమా, నీకేం పని ఈడ?"

"పాట పట్టింది నేనప్పా. ఈ మనిషి నా నోటెంబడి నేర్చుకున్నాడు. తప్పుంటే నాది. క్లారినెట్టు ఏంటికి తీసుకుంటావు, నా గొంతు తీసుకో. తీసుకోని మీ ఇంట్లో యాడ పెట్టుకుంటావో పెట్టుకో!"

నేల టికెట్టులో ఎవరో ఈల వేశారు. హనుమంతరాయుడు అటు ఒక్క చూపు చూసేసరికి ఈల సగంలో ఆగింది.

"ఎకసెక్కాలు వద్దు," అన్నాడతను. గొంతు పెద్దది చెయ్యలేదు. "తొమ్మిది దినాలుగా నా బిడ్డ నోట్లో మెతుకు పోల్యా. రేత్రి లేచి చూస్తే గోడకానుకోని కూచోనుంటాది. కన్నతండ్రిని, నాకెట్లుంటాది? నీ పాట సంగతి నాకేంటికి చెప్తావు?"

ఆ మాటకు హలీమాబీ మెత్తబడిపోయింది. ఈ మనిషిని ద్వేషించుకుంటూ వచ్చింది కానీ, అతని కళ్ళ కింద నలుపు ఇప్పుడే చూసింది. అయినా వెనక్కి పోలేదు. ఒకరి బాధకు ఇంకొకరు దొంగ కావాలా?

"ఆ బిడ్డకు చిన్నప్పట్నుంచి గాజులు తొడిగింది నేనప్పా. నాకి లేదా బాధ? కాకుంటే ఆ పాట చావు పాట కాదు. బొమ్మ ఎయ్యమను. ఇన్నాక నువ్వేం చెప్తే అది."

తిమ్మప్ప కుర్చీలోంచే అన్నాడు, నిదానంగా: "నా కండ్లతో చూసినానమ్మా. పాడె మీద పూలు సల్లుతా పాడినారు. ఆ పొద్దు నేను అబద్ధం చెప్పల్యా."

"కాదనను మామా. నువ్వు చూసింది చెప్పినావు. కాకుంటే సగమే చూసినావు. మిగతా సగం డబ్బాలో దాచినారు."

"ఏమమ్మో! దాచినామంటావేంది?" ఎర్రిస్వామి ఎగిరిపడ్డాడు.

"నేను నీ పేరు ఎత్తల్యా గదన్నా. నువ్వే ఎత్తుకుంటాండావు!"

జనం గొల్లుమన్నారు. ఇసుక కుప్పల మీంచి ఒకరి తర్వాత ఒకరు "బొమ్మ ఎయ్యండప్పా! చూస్తే పోలా!" అని అరవడం మొదలుపెట్టారు. హనుమంతరాయుడు లేచి చెయ్యెత్తాడు. "బొమ్మ లేదు, ఏం లేదు! ముందు కట్టె. సాయిబూ, ఇటియ్యి!"

హలీమాబీ ప్రొజెక్టరు కన్నం కేసి చూసింది. నలుపు. ఓబుళేసు ఉన్నాడో లేడో కూడా తెలియదు. గుత్తి రైలెక్కి పారిపోయాడేమో! పిరికివాణ్ణి నమ్ముకుని ఇంతమందిలో నిలబడ్డానే అని తనను తానే తిట్టుకుంది. ఇమాం హుస్సేన్ మూట ముడి విప్పుతున్నాడు. ముడి గట్టిగా బిగుసుకుపోయి రావడం లేదు.

"ఓబుళేసన్నా!" అని ఆమె గట్టిగా అరిచింది. "మగోనివైతే ఎయ్యి!"

కన్నంలో వెలుగు వచ్చింది.

నిలబడ్డవాళ్ళ నీడలు తెర మీద పడ్డాయి. గరగరమని రెండు చప్పుళ్ళు, ఆ వెంటనే డోలు. ఊరంతా రోజూ గొట్టంలో విన్న పాటే. కానీ ఇప్పుడు దానికి తెర మీద బోయీలు గంతులేస్తున్నారు. పల్లకీ తెర తొలగించి పెండ్లికూతురు బయటికి చూస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది. చిన్నపిల్లలు పక్కన పరుగెత్తుతున్నారు. గడప దగ్గర అత్తగారు హారతి పళ్ళెంతో ఎదురుచూస్తోంది. పల్లకీ బొమ్మను రెండేసి మూడేసి సార్లు చూసిన జనం నోళ్ళు తెరిచారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఇది చూడలేదు.

"ఇదెక్కడ దాచినార్రా దొంగనాయాళ్ళు!" అని ఒక ముసలమ్మ అరిచింది. ఎర్రిస్వామి ఆపరేటర్ గది వైపు పరుగు తీశాడు. ఎవరో కాలు అడ్డం పెట్టారు, బోర్లా పడ్డాడు. తిమ్మప్ప కుర్చీలోంచి లేచి, తెర మీది వెలుగు మొహాన పడుతుంటే, కదలకుండా నిలబడ్డాడు.

చూడాల్సింది హనుమంతరాయుణ్ణి. ఊరి ముందు తను పెట్టిన పంచాయితీ తన కళ్ళముందే కూలిపోతోంది. తప్పు ఒప్పుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేని పని. "ఇంజిను ఆపండ్రా!" అని గర్జించాడు. బయట ఉన్న మిల్లు మనిషి ఒకడు ఆ కేక విని పోయి, డేరాకు కరెంటిచ్చే ఆయిలింజను ఆపేశాడు.

తెర ఆరిపోయింది. పాట ఒక్కసారిగా తెగలేదు. సాగి, బొంగురుపోయి, చివరికి మూలుగై ఆగిపోయింది. డేరా చీకటైంది. పాతికమంది ఒకేసారి తిట్టడం మొదలుపెట్టబోయారు.

ఆ తిట్లు బయటికి రాకముందే, తెర కింద నుంచి, సరిగ్గా పాట ఆగినచోటు నుంచి, క్లారినెట్టు అందుకుంది.

హలీమాబీ నమ్మలేకపోయింది. పక్కకు చెయ్యి చాచి తడిమితే భర్త మోచెయ్యి తగిలింది. ఎత్తి ఉంది. ముడి ఎప్పుడు విప్పాడో, ముక్కలు ఎప్పుడు బిగించాడో! తొమ్మిది రోజులు కట్టె ముట్టని మనిషి, ఇచ్చేస్తా ఇచ్చేస్తా అన్న మనిషి, ఊపిరంతా పెట్టి వాయిస్తున్నాడు. ఒక్క స్వరం తడబడలేదు. హలీమాబీకి గర్వంతో గుండె నిండిపోయి, ఆ చీకట్లో సిగ్గు లేకుండా బోరున ఏడ్చేసింది.

హనుమంతరాయుడి చేతిలో టార్చి వెలిగింది. వెలుగు తిన్నగా ఇమాం హుస్సేన్ మొహాన పడింది. అతను కళ్ళు మూసుకున్నాడు, వాయిస్తూనే ఉన్నాడు. హనుమంతరాయుడు రెండడుగులు ముందుకేసి చెయ్యి చాచాడు. హలీమాబీ చీర చెంగుతో మొహం తుడుచుకుని మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ముందు నన్ను తొయ్యి రాయుడప్పా. నన్ను తోసి తీసుకో."

"అడ్డం లెయ్యి హలీమా. ఆడదానివని చూడను."

"నాయనా, లైటు ఇట్ల తిప్పు."

ఆ గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. తొమ్మిది రోజులుగా ఎవరూ వినని గొంతు. టార్చి మెల్లగా తిరిగింది. బెంచీల ముందు సుంకమ్మ నిలబడి ఉంది. తల్లి కొంగు పట్టుకు లాగుతుంటే విడిపించుకుంది.

"ఆ పాటతో పల్లకీ ఎక్కినామె అత్తింటికి పోయింది. నేను చూసినా. నువ్వూ చూసినావు," అంది సుంకమ్మ. "క్లారినెట్టు తీసుకుంటే నేను అత్తింటికి పోయినట్లా? రేపు పొద్దున్నే బండి కట్టిచ్చు. కట్టియ్యకుంటే నడిచిపోతా. ఇమాం మామ బండి ముందర ఇదే పాట వాయిస్తా రావల్ల. మామా, వస్తావా?"

క్లారినెట్టు ఆగలేదు. ఇమాం హుస్సేన్ తల మాత్రం ఊపాడు.

సుంకమ్మ తిమ్మప్ప వైపు తిరిగింది. "చిన్నమామా, మీ ఊర్లో నన్ను లోపలికి పిలుస్తారో, గడప బయట నిలబెడతారో మీ ఇష్టం. కాలు ఇరిగిన మొగునికి అన్నం పెట్టేది నా పని. ఆ పని నేను చేసుకుంటా."

తిమ్మప్ప భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలిపాడు.

"సాయిబూ, ఒక్క నిమిషం ఆపప్పా," అన్నాడు చివరికి. అతని గొంతులో ఏదో విని ఇమాం హుస్సేన్ ఆపాడు. "ఆ పొద్దు చావు పాటని అరిచింది నేనే. ఎరగక అరిచినా. నిన్ను పిలవకుండా ఉండేదానికి మా అన్నోళ్ళు ఆ మాటనే అడ్డం పెట్టుకుంటారని నాకి తెలీదు. ఇంత దూరం వచ్చినాక ఇంక దాచలేనమ్మా. నీ మొగునికి కాలు ఇరగల్యా. వాడు మోటారు సైకిలు ఎక్కనే ల్యా."

హనుమంతరాయుడి చేతిలో టార్చి కిందికి జారి, వెలుగు ఇసుక మీద పడింది.

"అట్లయితే యాడుండాడు?" అన్నాడతను.

తిమ్మప్ప జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. సుంకమ్మ చెయ్యెత్తి ఆపింది. వంగి, ఇసుకలోంచి టార్చి తీసి, తండ్రి చేతిలో పెట్టింది.

"వద్దు చిన్నమామా, ఇంతమంది ముందర ఈడ చెప్పొద్దు. దోవలో చెప్దువు," అంది. "నాయనా, రేపు కాదు. బండి ఇప్పుడే కట్టిచ్చు."